యాప్ లేని ఊళ్ళో యాప్ విముక్తి

"దివిసీమలో ఏ ఒక్క టీనేజరూ ఫోన్ నొక్కి తిండి తెప్పించుకోని రోజు వచ్చేదాకా నేను పరుపు మీద పడుకోను!" అని గోవర్ధనరావు గారు బందరులో మైకు ముందు ప్రతిజ్ఞ చేశారు. హాలంతా చప్పట్లే చప్పట్లు. నడుం నొప్పి ఉందని డాక్టరు అంతకుముందే ఆయన్ని చెక్క మంచం మీద పడుకోమన్నాడని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టనివాళ్ళ మాటలు నేను పట్టించుకోను. నాది ఫ్లెక్సీల షాపు.

గోవర్ధనరావు గారిది గుడివాడ. మొన్నటి ఎన్నికల్లో టికెట్ వస్తుందనుకున్నారు, రాలేదు. అంతటి మనిషిని ఖాళీగా కూర్చోబెడితే పార్టీకే ప్రమాదమని పెద్దలు గ్రహించి, 'బాలయువ ఆహార పరివర్తన మండలి' అని ఒకటి పుట్టించి, దానికి ఆయన్ని చైర్మన్ చేశారు. మండలికి ఆఫీసు లేదు. ఏ చట్టంలోనూ దాని ఊసు లేదు. కారు మాత్రం ఉంది. కారు ముందు బోర్డుంది. ఆ బోర్డు చేసింది నేనే.

నా పేరు దైవాధీనం. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే రోడ్డులో, మా ఊరి జూనియర్ కాలేజీ గేటు పక్కన ఉన్న దైవాధీనం డిజిటల్స్ నాదే. పుట్టినరోజు, వర్ధంతి, పాదయాత్ర, పరామర్శ, ఏదైనా సరే నిలబడ్డపాటున వేసిస్తాను. నాయకుడి ముఖంలో ముడతలు తీసెయ్యడం, నెత్తిన జుట్టు మొలిపించడం, పక్కవాడి ఫొటో వాడికే తెలియకుండా చిన్నది చేసెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

నా షాపుకీ కాలేజీ గేటుకీ మధ్యన సత్యవతమ్మ పిన్ని బండి ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, ఊరందరికీ ఆమె పిన్నే. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, ఉప్పూ కారం చల్లిన జామకాయలు, కాలాన్నిబట్టి తేగలు, ముంజలు అమ్ముకునేది. భర్త పోయాక వేటపడవని అమ్మేసి, నాలుగు చెక్కలు మాత్రం అడిగి ఉంచుకుని, వాటితో ఆ బండి చేయించుకుంది. పడవ పేరు 'వీరదుర్గ' అని ముందు చెక్క మీద ఇంకా కనబడుతూనే ఉండేది. ఆ బండి కదిలితేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇంటర్వెల్ బెల్లు కొడితే చాలు, పిల్లలంతా దాని చుట్టూనే.

ప్రతిజ్ఞ అయిన కొన్నాళ్ళకి మండలి స్పెషల్ ఆఫీసరు విజయకుమారి గారు మా ఊరికి సర్వే కోసం దిగారు. ఎండలో నిలబెట్టకుండా నా షాపు అరుగు మీదే కూర్చోబెట్టాను. ముందు మా ఊరి గంగన్న కూతురు నవ్యశ్రీని పిలిచారు.

"వారానికి ఎన్నిసార్లు ఆర్డర్ పెడతావమ్మా?"

"అసలు పెట్టం మేడమ్."

"భయపడకు. నీ పేరు బయటికి రాదు."

"రానీండి, నాకేం. నవ్యశ్రీ, సెకండియర్ బైపీసీ. తిండి తెచ్చే ఆ 'గబగబ' యాప్ మా ఊరికి రాదండీ. ఓపెన్ చేస్తే 'మీ ప్రాంతంలో మా సేవలు లేవు' అని ఏడుపు మొహం బొమ్మ వస్తుంది."

"మరి ఆకలేస్తే ఏం తింటారు?"

"శనక్కాయలు తింటామండీ."

మేడమ్ గారు పక్కనున్న అసిస్టెంటు వైపు తిరిగి, "పిల్లలు నిజం దాస్తున్నారు అని రాయండి" అన్నారు. అంత అనుభవం ఉన్న ఆఫీసరు కాబట్టే ముఖం చూడగానే పట్టేశారు. కానీ కాలేజీ మొత్తం వరసపెట్టి అదే దాచింది. దాంతో పాపం ఆవిడ కూడా నమ్మక తప్పలేదు.

సాయంత్రం చైర్మన్ గారి కారు వచ్చింది. వెంట అనుచరుడు నాగబాబు కూడా ఉన్నాడు. దివిసీమలో గబగబ ఆర్డర్లు సున్నా అని తెలిసి ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన ముఖం మాడిపోయింది.

"విజయకుమారి గారూ, రాష్ట్ర స్థాయి అవార్డు దేనికిస్తారు?"

"తగ్గుదలకి సార్. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల ఆర్డర్లు ఎక్కడ ఎక్కువ శాతం తగ్గితే వాళ్ళకి."

"సున్నాని తగ్గించలేమా?"

"మ్యాథ్స్ ఒప్పుకోదు సార్."

"మ్యాథ్స్ వాళ్ళతో నేను మాట్లాడనా?"

ఆ అవార్డు వస్తే ఎమ్మెల్సీ ఖాయమని గుడివాడ అంతా అనుకుంటోంది. కనీసం చైర్మన్ గారింట్లో అందరూ అనుకుంటున్నారు.

నేను చొరవ చేసి, "యాప్ బందరులో ఉంది, గుడివాడలో ఉంది కదండీ, ఆ ఊళ్ళలో తగ్గించొచ్చుగా?" అన్నాను.

చైర్మన్ గారు నా వైపు జాలిగా చూశారు. "ఆర్టిస్టు గారూ, అక్కడ పిల్లలు నిజంగానే ఆర్డర్లు పెడుతున్నారండీ. మానమంటే మానతారా? సమస్య ఉన్నచోట పనిచేస్తే ఎప్పటికైనా ఫలితం వస్తుందా?"

పరిపాలన అంటే ఏమిటో ఆ క్షణాన నాకు అర్థమైంది. ఇలాంటి మనిషికి టికెట్ ఇవ్వకపోవడం ఎంత అన్యాయం!

అప్పుడు నాగబాబు గొంతు సవరించుకున్నాడు. "సార్, ముందు పెంచుదాం. పెంచాక తగ్గిద్దాం."

చైర్మన్ గారు అతన్ని నడిరోడ్డు మీదే కావలించుకున్నారు.

మరుసటి నెలలోనే గబగబ కంపెనీ దివిసీమకి వచ్చేసింది. చైర్మన్ గారే స్వయంగా జెండా ఊపి డెలివరీ బైకుల్ని ప్రారంభించారు. 'దివిసీమలో గబగబ: జంక్ ఫుడ్‌పై పోరులో తొలి అడుగు' అని నేను వేసిన ఫ్లెక్సీ నాగాయలంక దాకా కట్టారు. వెనువెంటనే మా కాలేజీలో అవగాహన శిబిరం. విజయకుమారి గారు ప్రొజెక్టర్ పెట్టించి విపులంగా బోధించారు.

"పిల్లలూ, ఇది పిజ్జా. దీన్ని నొక్కకూడదు. ఎలా నొక్కకూడదో ఇప్పుడు నొక్కి చూపిస్తాను, జాగ్రత్తగా చూడండి. ఇక్కడ ఎక్స్‌ట్రా చీజ్ అని ఉంటుంది. అది ఇంకా ప్రమాదం. దాన్ని ఇలా రెండుసార్లు నొక్కితే డబుల్ అవుతుంది."

అర్థం కాని పిల్లల కోసం మళ్ళీ ఒకసారి చెప్పారు. ప్రాక్టికల్స్ కోసం అందరికీ ఉచిత కూపన్లు పంచారు. వయసు మాత్రం నిజాయితీగా నింపాలని, లేకపోతే లెక్కలోకి రారని మరీ మరీ హెచ్చరించారు.

నవ్యశ్రీ లేచి నిలబడింది. "మేడమ్, మాకు అలవాటే లేదు కదండీ. మరి ఎందుకు అలవాటు చేస్తున్నారు?"

"లేని అలవాటుని మేం ఎలా మాన్పించాలమ్మా? మీరు కూడా కాస్త సహకరించాలి."

చైర్మన్ గారు ముగింపు ఉపన్యాసంలో బెల్లప్పాకం ఓడుతున్న బందరు లడ్డు ఒకటి చేత్తో పైకెత్తి, "ఇది మన సంస్కృతి. పిజ్జా పరాయి సంస్కృతి. మన సంస్కృతి వల్ల షుగర్ రాదు" అన్నారు. మొవ్వ నుంచి వచ్చిన ఒక డాక్టరు ఏదో అనబోతే నాగబాబు ఆయనకి శాలువా కప్పేశాడు.

పిల్లలు బాగా సహకరించారు. మొదట కూపన్ల కోసం పెట్టారు, తరవాత కూపన్లు అయిపోయినా పెట్టారు. వాళ్ళనేం అంటాం, ఎండలో క్లాసులు విని వచ్చి, గేటు దగ్గర నిలబడి వేడి వేడి బర్గర్ అందుకుంటుంటే ఎవరికి బాగోదు? ఇంటర్వెల్ బెల్లు కొడితే గుంపులు గుంపులుగా బయటికొచ్చి, పిన్ని బండికి వీపు పెట్టి, ఫోన్‌లో డెలివరీ బండి ఏ మలుపు దగ్గరుందో చూసుకుంటూ నిలబడేవాళ్ళు.

"ఏంటబ్బాయ్, ఏమైంది వీళ్ళకి?" అని పిన్ని నన్ను అడిగింది. "నా చేతి కారం పడట్లేదా ఏంటి?"

"అదేం లేదు పిన్నీ. అవగాహన వచ్చింది."

"అది ఎన్నాళ్ళుంటుంది?"

"అవార్డు వచ్చేదాకా."

ఆమె రోజూ ఉడకబెట్టే గిన్నె పక్కన పెట్టి, చిన్న గిన్నె తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అది కూడా మిగిలిపోతే సాయంత్రం నాకు పొట్లం కట్టి ఇచ్చేది. తినేవాణ్ణి.

గ్రాఫ్ మంచి ఎత్తుకి చేరాక, ఇక దించమని చైర్మన్ గారు ఆదేశించారు. ఇక్కడే ఒక చిక్కొచ్చింది. మండలి పని జరిగినట్టు రుజువేమిటంటే, సాయంత్రం లోపల రాష్ట్ర వాట్సాప్ గ్రూపులో 'చర్య తీసుకున్న ఫొటో' పడాలి. ఫొటో పడితే చర్య జరిగినట్టు, పడకపోతే చర్య జరిగినా జరగనట్టు. కానీ గబగబకి మా ఊళ్ళో దుకాణం లేదు, గల్లాపెట్టె లేదు, తాళం వెయ్యడానికి షట్టరు కూడా లేదు. బైకుల్ని ఆపుదామంటే జెండా ఊపింది మనమే. పిల్లల్ని పట్టుకుందామంటే వాళ్ళ అమ్మానాన్నలకి ఓట్లున్నాయి.

చైర్మన్ గారు, మేడమ్ గారు, నాగబాబు గేటు ముందు నిలబడి అటూ ఇటూ చూశారు. కనుచూపు మేరలో పట్టుకోవడానికి వీలుగా ఉన్న తిండి ఒకే ఒక్కచోట ఉంది.

"ఏమ్మా, మీ దగ్గర పిల్లలు తింటున్నారా?" అని మేడమ్ గారు అడిగారు.

"ఇదివరకు తినేవాళ్ళు తల్లీ. మీ ఫోన్లొచ్చాక ఒక్కడూ రావట్లేదు."

"అంటే పిల్లలకి తిండి అమ్మినట్టు ఒప్పుకుంటున్నారు."

"శనక్కాయలు తల్లీ. ఉడకబెట్టినయ్యి."

"ఏ నూనెలో?"

"నీళ్ళల్లో."

"నూనె పేరు చెప్పడం లేదు, రాసుకోండి."

కాలేజీ లోపలి నుంచి నవ్యశ్రీ పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, హెల్దీ ఫుడ్ తినండని మీరే చెప్పారు కదండీ! అదే అది!"

"హెల్దీ ఫుడ్ అయితే ప్యాకెట్ మీద రాసుండాలమ్మా. దీనికి ప్యాకెట్టే లేదు."

నాగబాబు మనుషులు బండిని ఎత్తి ట్రాలీ ఆటోలో పడేశారు. శనక్కాయలు రోడ్డు మీద దొర్లాయి. పిన్ని ముందు చెక్కని రెండు చేతులతో పట్టుకుని వేళ్ళాడింది. "మా ఆయన పడవ చెక్కలయ్యా! కావాలంటే శనక్కాయలు పట్టుకుపోండి, నా బండి నాకు వదిలెయ్యండి నాయనా!" అని ఏడ్చింది. చైర్మన్ గారు బండి మీద ఒక చెయ్యి వేసి, కెమెరా వైపు కఠినంగా చూశారు. పిన్ని ఫ్రేములోకి వస్తోందని ఆమెని పక్కకి తప్పించారు.

ఆ ఫొటో నా దగ్గరికే వచ్చింది. 'జంక్ ఫుడ్‌పై ఉక్కుపాదం' అని ఫ్లెక్సీ వేశాను. వేరుశనక్కాయలు ఉక్కుపాదానికి ఆనడం లేదు కాబట్టి వాటి చోట పిజ్జా బొమ్మ అతికించాను. రాష్ట్ర గ్రూపులో దండాల బొమ్మలు కుప్పలుగా పడ్డాయట.

బండి విడిపించుకోవడానికి ఎక్కడికి వెళ్ళాలో పిన్నికి తెలియలేదు. మండలికి ఆఫీసు లేదు, కారు ఎక్కడుంటే అదే ఆఫీసు. ఒకరోజు కారు పెడనలో ఉందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్ళింది. ఆమె దిగేసరికి ఆఫీసు కృత్తివెన్ను వైపు వెళ్ళిపోయింది. ఈలోగా కడుపు నిండాలి గనక రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచే పనికి కుదిరింది. ఐసులో నానీ నానీ చేతివేళ్ళు తెల్లగా ఉబ్బి పగిలాయి. అయినా వారానికోసారి నా షాపు ముందుకొచ్చి, "బండి సంగతేమైనా తెలిసిందా అబ్బాయ్?" అని అడిగి పోయేది. మంచినీళ్ళు ఇచ్చేవాణ్ణి.

ఇక తగ్గుదల. పద్దెనిమిదేళ్ళ లోపు ఖాతాలన్నిటి మీద మండలి నిఘా ఉంటుందని మేడమ్ గారు కాలేజీలో ప్రకటించారు. ఆ మధ్యాహ్నం నుంచే టీనేజర్ల ఆర్డర్లు సున్నా. చైర్మన్ గారి మాటకి ఉన్న శక్తి అలాంటిది. డెలివరీ బైకులు మాత్రం అదే గేటుకి, అదే టైముకి, ఇదివరకటి కన్నా జోరుగా వస్తున్నాయి. ఒకసారి నవ్యశ్రీ పొట్లం అందుకుంటుండగా మేడమ్ గారు ఎదురుపడ్డారు.

"ఎవరి ఆర్డరమ్మా ఇది?"

"మా నాన్నదండీ. ఫోన్లో ఆయన పేరే ఉంది, చూడండి. గంగన్న."

"నాన్నగారు ఎక్కడున్నారు?"

"వేటకెళ్ళారండీ. సముద్రంలో ఉన్నారు."

మేడమ్ గారు క్షణం ఆలోచించి, "పెద్దవాళ్ళ ఆహారపు అలవాట్లు మండలి పరిధిలోకి రావు" అని కారెక్కారు. దివిసీమలో నడివయసు మత్స్యకారులు ఒక్కసారిగా చీజ్ బర్గర్లకి ఎందుకు ఎగబడుతున్నారో వేరే మండలి ఏదైనా చూసుకోవాలి.

నూరు శాతం తగ్గుదల! అవార్డు ఖాయమైంది. దాన్ని అందుకోవడానికి బందరులో అభినందన సభ పెట్టారు. సభలోనే 'ఆరోగ్య రథం' అనే కొత్త పథకం కూడా ప్రారంభిస్తారట. పిల్లలకి సంప్రదాయ ఆహారం అందించడానికి తోపుడు బండి ఇచ్చే పథకం. మొదటి రథానికి స్టిక్కరు చుట్టాలని నన్ను పిలిపించారు.

కల్యాణ మండపం వెనక షెడ్డులో రథం నిలబెట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

"నాగబాబూ, ఇది..."

"కొత్తది చేయించడానికి టైమ్ లేదు బావా. ఎలాగూ మూలనపడి ఉన్నదే కదా."

"ఎవరికిస్తారు?"

"లబ్ధిదారుకి."

నేను పిన్నికే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. పైగా నాగబాబే ఆమెతో, "సభకి రా పిన్నీ, చైర్మన్ గారి చేత స్టేజి మీదే బండి ఇప్పిస్తా" అని చెప్పాడు. సభకెళ్ళే బస్సు నిండాలి గనక ఊళ్ళో అందరికీ ఏదో ఒకటి ఇప్పిస్తానన్నాడనుకోండి. నేను సంతోషంగా పనిచేశాను. స్టిక్కరు ఎక్కడా బుడగ రాకుండా లాగాను. స్టిక్కరు మీది చైర్మన్ గారి నవ్వు సరిగ్గా వీరదుర్గ అన్న అక్షరాల మీద పడింది.

సభకి పిన్ని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. పగిలిన వేళ్ళకి పసుపు రాసుకుంది. ఆడవాళ్ళ వరసలో ముందు కుర్చీ సంపాదించింది. తెర తీశారు. రథం మెరిసిపోతోంది. పిన్ని లేచి నిలబడింది. ఎన్ని స్టిక్కర్లు చుడితే మాత్రం ఆమె బండి ఆమెకి తెలియదా? నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను.

చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "ఆరోగ్య రథం మొదటి లబ్ధిదారు, మన నిరుద్యోగ యువకుడు... నాగబాబు!"

నలభై దాటిన ఆ యువకుడు చేతులు జోడించుకుంటూ స్టేజి ఎక్కి, బండి పిడి పట్టుకున్నాడు.

"అయ్యా!" అని పిన్ని అరిచింది. "అయ్యా, అది నా బండి! నా బండయ్యా అది!"

నాగబాబు పిడి వదిలేశాడు. మేడమ్ గారు ఫోన్‌లోకి చూసుకున్నారు. కానీ నాయకుడు నాయకుడే. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు.

"విన్నారా!" అన్నారు మైకులో. "ఆ తల్లి మాట విన్నారా! 'అది నా బండి' అంటోంది! ఒక ప్రభుత్వ పథకాన్ని ప్రజలు ఇంతగా తమ సొంతం అనుకోవడం నా రాజకీయ జీవితంలో నేను చూడలేదు! అమ్మా, ఇంకోసారి అను!"

"నా బండయ్యా!" అని ఆమె గుండెలు బాదుకుంది.

చప్పట్లు మారుమోగిపోయాయి. ఎవరో ఈలలు కూడా వేశారు. ఆమె స్టేజి వైపు పరుగెత్తబోతే వాలంటీర్లు ఆప్యాయంగా రెండు రెక్కలూ పట్టుకున్నారు. "ఆ కన్నీళ్ళు చూడండి!" అని చైర్మన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. అవార్డు అందుకునేటప్పుడు కూడా అన్ని చప్పట్లు పడలేదు.

నాగబాబు ఇప్పుడు బందరు బస్టాండు దగ్గర ఆ బండి మీద చికెన్ నూడుల్స్ వేస్తున్నాడు. గబగబలో కూడా దొరుకుతాయి. రేటింగ్ బాగానే ఉంది.

సభ అయిన మర్నాడే నాకు పెద్ద ఆర్డరు వచ్చింది. చైర్మన్ గారి నిలువెత్తు బొమ్మ, పక్కన చేతులు చాపి ఏడుస్తున్న సత్యవతమ్మ పిన్ని, మధ్యలో బంగారు అక్షరాలతో 'ఇది నా బండి!' మా కాలేజీ గేటు దగ్గర ఆ చోటు ఖాళీగానే ఉంది గనక దాన్ని అక్కడే కట్టించారు. పిల్లలు దాని నీడలో నిలబడి ఆర్డర్ల కోసం ఎదురుచూస్తున్నారు.

షెడ్డు నుంచి ఇంటికి పోతూ పిన్ని ఆ ఫ్లెక్సీ ముందు ఆగింది.

"ఆ ఏడుస్తోంది నేనే కదా అబ్బాయ్?"

"నువ్వే పిన్నీ."

"నాకు చదువు రాదు. ఏం రాశారు దాని మీద?"

"'ఇది నా బండి' అని."

"నేనన్న మాటే రాశారా? పక్కన చైర్మన్ గారు కూడా ఉన్నారుగా?"

"ఉన్నారు."

పిన్ని ముఖం వెలిగిపోయింది. "అయితే ఒప్పుకున్నట్టేగా అబ్బాయ్! ఇది పట్టుకెళ్ళి చూపిస్తే ఇక కాదనడానికి వీల్లేదు" అంటూ, పగిలిన వేళ్ళతోనే కింది తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. పై ముడులు ఆమెకి అందవు. నేను నిచ్చెన తేవడానికి షాపులోకి వెళ్ళాను.